జేబు మూలన దారప్పోగు

ఆవిడ మెడలో గొలుసు చూసినవాళ్ళు లేరు గానీ, కత్తెర చూడనివాళ్ళు లేరు. వేలెడంత కత్తెర, దానికో నల్ల రిబ్బను. మిషను ముందు కూచున్నా, కూరగాయలకు వెళ్ళినా, ఆఖరికి కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నా అది గుండెల మీద వేలాడుతూనే ఉండేది. అందుకని ఆ వీధిలో చిన్నా పెద్దా ఆవిణ్ణి కత్తెరమ్మ అనేవారు. చాటుగా కాదు, మొహం మీదే. "నా పళ్ళు చూసి పేరు పెట్టలేదు, అదే పదివేలు" అని ఆవిడా నవ్వేది. పై పళ్ళు రెండూ కాస్త ముందుకొచ్చి ఉండటం వల్ల నవ్వకపోయినా ఆవిడ మొహం నవ్వుతున్నట్టే ఉండేది.

మేడమెట్ల కింద గది, అదే కొట్టు. తల వంచితే తప్ప లోపలికి వెళ్ళలేం. ఒక కాలి మిషను, గుడ్డ పరిచి కత్తిరించుకునే చెక్కబల్ల, మేకులకు వేలాడే బట్టలు, వచ్చినవాళ్ళు కూచోడానికి ఒక పీట. అక్కడే ముప్ఫై ఎనిమిదేళ్ళు గడిచిపోయాయి. పని నేర్పింది అత్తగారు. కోడలు ఏది కుట్టి తెచ్చినా ఆవిడ ముందు దాన్ని తిరగేసి లోపలి వైపు చూసేదట. ఒక్క పోగు వేలాడుతూ కనిపించినా మొత్తం విప్పించేదట. "బయటిది మనుషులు చూస్తారు, లోపలిది దేవుడు చూస్తాడు. ఎవరికి భయపడతావో నువ్వే తేల్చుకో" అనేదట. అత్తగారు వెళ్ళిపోయారు, భర్తా వెళ్ళిపోయాడు, కూతురు నర్సు ఉద్యోగానికి వేరే ఊరు పోయి ఆదివారాలు ఫోను చేస్తోంది. ఆ మాట మాత్రం కత్తెరమ్మను వదిలిపెట్టలేదు.

వేలాడే దారం కంట పడితే ఆవిడ చేతులు ఊరుకునేవి కావు. అది తన కుట్టా, పరాయి కుట్టా అన్న తేడా లేదు. బస్సులో ముందు సీటాయన కాలరు వెనక పోగు కనిపిస్తే, ఆయన దిగేలోపు అది ఆవిడ గుప్పిట్లో ఉండాల్సిందే. ఒకసారి డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి గట్టిగా ఊపిరి పీల్చమంటే, పీలుస్తూనే ఆయన కోటు గుండీ దగ్గర దారం తుంచి పడేసింది. ఆయన నవ్వి, ఇద్దరిలో వైద్యం ఎవరికి జరిగిందో తెలియడం లేదన్నాడు.

శనివారం హాలుకు ఆవిణ్ణి రప్పించినవి దిండ్లు. ఉద్యోగ విరమణ చేసిన ఒక టీచరు గారు ఓ రోజు కొట్టులోకి తల వంచి వచ్చి, ఆరు దిండ్లు కావాలనీ, వాటిలో గింజలు పోసి గళ్ళుగళ్ళుగా కుట్టాలనీ, ఒక్కొక్కటీ బరువుండాలనీ చెప్పారు. కత్తెరమ్మకు అర్థం కాలేదు. తేలిగ్గా ఉండే దిండు అడిగినవాళ్ళను చూసింది గానీ బరువు దిండు అడిగినవాళ్ళను ఆవిడ చూడలేదు. టీచరు గారు విడమరిచి చెప్పారు. "కొంతమంది పిల్లలకి ఒళ్ళో కాస్త బరువు పెట్టుకుంటే నెమ్మదిస్తుందండీ. మనం దిగులుగా ఉన్నప్పుడు ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే ఎలా ఉంటుందో, అలా."

ఆ చివరి మాట విన్నాక కత్తెరమ్మ కూలి సంగతి ఎత్తలేదు.

దిండ్లు ఇచ్చి వద్దామని వెళ్ళిన మనిషి ఆ రోజు హాలు ఊడ్చి తాళం వేసేదాకా అక్కడే ఉండిపోయింది. పైశనివారం పిలవకుండానే వెళ్ళింది. గ్రంథాలయం వెనక పాత హాలు అది. పది నుంచి పన్నెండు దాకా అక్కడికి కొన్ని కుటుంబాలు వచ్చేవి. మాట రాని పిల్లలు, నడక రాని పిల్లలు, చిన్న చప్పుడుకే చెవులు మూసుకునే పిల్లలు, ఒక్కచోట కూచోలేని పిల్లలు. బడులు 'మా వల్ల కాదు' అన్నవాళ్ళూ, చుట్టాలు పెళ్ళిళ్ళకు 'పిల్లను ఎక్కడైనా వదిలి రండి' అన్నవాళ్ళూ. ఒక మూల చాపలు, ఒక మూల డప్పు, కిటికీ కింద పూసలూ దారాలూ, వెనక పెరట్లో పెద్ద రబ్బరు టబ్బు నిండా నీళ్ళు. పిల్లలు తమకు నచ్చిన చోటికి పోయేవారు. పెద్దవాళ్ళు ఒకరి పిల్లను ఒకరు చూసుకుంటూ, వంతులవారీగా ఓ గ్లాసు టీ వేడిగా ఉండగానే తాగేవారు. టీ వేడిగా తాగడం ఎంత భోగమో అక్కడికి వచ్చిన తల్లుల మొహాలు చూస్తే తెలిసేది.

అక్కడ మంచితనం చప్పుడు చేసేది కాదు. ఎప్పుడూ డప్పు మూలే ఉండే కుర్రాడి తండ్రి మెకానిక్కు. తలుపు కిర్రుమంటే ఒక పాప బెదురుతోందని ఆయన వారంవారం అన్ని తలుపుల బందులకూ నూనె వేసేవాడు, ఎవరూ చెప్పకుండానే. గ్రంథాలయం ఆయన శనివారాలు తన బల్ల మీది గంట తీసి సొరుగులో పెట్టుకునేవాడు. కత్తెరమ్మకూ తన పని దొరికింది. మెడ దగ్గర కంపెనీ పట్టీ గుచ్చుకుని ఏడ్చే పిల్లల చొక్కాలకు ఆ పట్టీలు ఊడదీసేది. కుట్టు ఒంటికి తగిలితే ఓర్చుకోలేని పిల్లవాడికి కుట్లన్నీ పైకి వచ్చేలా చొక్కా తిరగేసి కుట్టి ఇచ్చింది. చూసినవాళ్ళు 'చొక్కా తిరగబడిందమ్మా' అంటే, ఆ తల్లి గర్వంగా 'మా టైలరు అలాగే కుట్టింది' అనేది.

హాల్లో ఉన్న నియమం ఒక్కటే. టీచరు గారు దాన్ని పెద్దక్షరాలతో రాసి తలుపు పైన అంటించారు. 'చెప్పకుండా ఏదీ మార్చకూడదు.' కుర్చీ జరపాలన్నా పిల్లలకు ముందు చూపించాలి. కిటికీ తెర మార్చాలంటే కొత్త తెరను రెండు వారాలు ముందుగా ముట్టుకోనివ్వాలి. రోజు ఎలా గడుస్తుందో చూపించడానికి ఒక్కో బిడ్డకూ ఒక పొడుగాటి గుడ్డపట్టీ ఉండేది. దానికి వరసగా చిన్న అరలు, అరల్లో బొమ్మలు. ఆ పట్టీలన్నీ కుట్టింది కత్తెరమ్మే. కాబట్టి నియమం ఆవిడకు తెలియదని అనడానికి లేదు.

దొరసాని పట్టీలో నాలుగే బొమ్మలు. నీళ్ళు, టవలు, ఫ్రాకు, ఇల్లు.

దొరసాని అన్నది అందరూ ముద్దుగా పెట్టుకున్న పేరు. తొమ్మిదేళ్ళది. ఎవరు పలకరించినా జవాబు ఇవ్వకుండా, గడ్డం కాస్త ఎత్తి, మధ్యలోంచి నడిచిపోయేది. మాటలు లేవు. తల్లి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట రాత్రి పని చేసేది. తండ్రి ప్రింటింగు ప్రెస్సులో పగటి పని. ఒకరు గుమ్మం ఎక్కుతుంటే ఒకరు గుమ్మం దిగేవారు. పగలంతా పిల్ల ఇంట్లోనే, తల్లి చెయ్యి పట్టుకునే. అందుకని ఆ తల్లికి నిద్ర అంటే రెప్ప వాల్చడం, ఉలిక్కిపడి తెరవడం.

వారానికి ఒక్క గంట మాత్రం వేరు. శనివారం దొరసాని హాలుకు రాగానే నేరుగా పెరట్లోకి పోయి, తన ఫ్రాకు విప్పి తల్లి చేతికి ఇచ్చి, నాన్న పాత బనీను తొడుక్కుని టబ్బులోకి దిగేది. గడ్డం దాకా నీళ్ళు. అంతే, ఇక పిల్ల లోకం పిల్లది. గొంతులోంచి సన్నగా ఒక రాగం తీస్తూ గంటసేపు కదిలేది కాదు. మెకానిక్కు భార్యో, టీచరు గారో పక్కన కూచునేవారు. తల్లి హాల్లో గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, నోరు కొంచెం తెరిచి నిద్రపోయేది. ఒకసారి ఎవరో ఒక బరువు దిండు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టారు. అప్పట్నుంచి ఆ దిండు ఆమెదే అయిపోయింది. అది పిల్లల దిండని ఎవరూ గుర్తు చెయ్యలేదు.

ఆ ఫ్రాకు సంగతి చెప్పాలి. ఆకుపచ్చ రంగు మీద తెల్లచుక్కలు, పొంగు చేతులు, పక్క కుట్లలో రెండు జేబులు. ఆరేళ్ళప్పుడు బాగా వదులుగా ఉన్నదే కొన్నారు. అప్పట్నుంచి ఆ పిల్ల ఇంకోటి వేసుకోలేదు. స్నానం చేస్తుంటే ఉతికి, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి ఇచ్చేవారు. మూడేళ్ళలో పిల్ల పెరిగింది, ఫ్రాకు పెరగలేదు. ఓ శనివారం తల్లి ఆ ఫ్రాకును కత్తెరమ్మ దగ్గరకు తెచ్చి చంకల కింద బిగుసుకుపోయిన కుట్లు చూపించింది. పిల్ల ఒంటి మీద ఎర్రటి చారలు పడుతున్నాయని చెప్పింది. అచ్చం ఇలాంటిదే, కొంచెం పెద్దది కుట్టగలరా అని అడిగింది. ఆమెకు అడగడం అలవాటు లేదు. అడిగి, తల వంచుకుని, గోరుతో గోరు గీసుకుంటూ నిలబడింది.

"అచ్చం అంటే అచ్చమేనమ్మాయ్. నువ్వే గుర్తుపట్టలేవు, చూస్తూండు" అంది కత్తెరమ్మ.

ఆ గుడ్డ కోసం ఆవిడ నాలుగు కొట్లు ఎక్కి దిగింది. నాలుగో కొట్లో అడుగున పడి ఉన్న పాత తానులో దొరికింది. తర్వాత మూడు శనివారాలు పిల్ల నీళ్ళలో ఉన్న గంటలో ఫ్రాకును కాగితం మీద పరిచి, కుట్ల వెంట గుండుసూదులు గుచ్చి, చుక్కలు కలుపుతూ గీతలు గీసుకుంది. మెడ వచ్చింది, నడుము వచ్చింది. పొంగు చేతులు మాత్రం రాలేదు. కుచ్చు పెట్టిన గుడ్డ కదా, కాగితం మీద పరుచుకోదు. ఎంత గుడ్డ కుదించి కుట్టారో విప్పితే తప్ప తెలియదు.

విప్పకుండా అంచనాగా కుట్టవచ్చు. ఒక అంగుళం అటో ఇటో. ఎవరూ అడిగేవాళ్ళు లేరు. కానీ అచ్చం అని మాట ఇచ్చిన మనిషికి అంచనా అంటే మనసు ఒప్పలేదు.

నాలుగో శనివారం ఆవిడ చేతి మిషను కూడా తెప్పించుకుంది. మెకానిక్కు తన బండి మీద తెచ్చి పెట్టాడు. పిల్ల నీళ్ళలోకి దిగింది, తల్లి నిద్రలోకి దిగింది. కత్తెరమ్మ కుట్టు విప్పే కొక్కెం తీసింది. టీచరు గారు అటుగా వెళ్తూ ఆగి, విప్పుతున్నారా, పాపకు చూపించారా అని అడిగారు.

"గంటలో మళ్ళీ కుట్టేస్తాను టీచర్ గారూ. సూది పడ్డ కంతలోనే సూది పడుతుంది. గుడ్డకే తెలీదు, పిల్లకేం తెలుస్తుంది?"

టీచరు గారు ఇంకేదో అనబోయారు. ఈలోగా డప్పు మూల ఎవరో ఏడుపు అందుకుంటే అటు వెళ్ళిపోయారు. తర్వాత చాలా రోజులు ఆవిడ కూడా ఆ ఆగిపోయిన మాటను తలుచుకుని బాధపడ్డారు.

చెప్పినట్టే చేసింది కత్తెరమ్మ. చేతులు రెండూ విప్పింది, గుడ్డ పరిచి గీసుకుంది, కుచ్చు పెట్టి మళ్ళీ ఎక్కించింది. సూది నిజంగానే పాత కంతల్లోనే పడింది. పనై గడియారం చూస్తే ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది. ఆ పద్దెనిమిది నిమిషాలు ఆవిడ టీ తాగి ఉంటే ఈ కథ లేదు. కానీ చేతులు ఖాళీగా ఉండటం ఆవిడకు చేత కాదు. ఫ్రాకును తిరగేసింది. లోపలంతా కంపెనీ కుట్టు, తెలిసిందేగా, ఎక్కడ చూసినా పోగులు వేలాడుతున్నాయి. పాపం, మూడేళ్ళుగా పిల్ల ఒంటికి ఇవన్నీ రాసుకుంటున్నాయి కదా అనుకుంది. ఒక్కొక్కటే కత్తిరించడం మొదలుపెట్టింది. జాలిపడే కత్తిరించింది, అది కూడా నిజమే. కుడి జేబు అడుగు మూలలో మిరియపు గింజంత ఉండ ఒకటి చేతికి తగిలింది. దారం తోక ఒకటి నలిగి నలిగి, మురికి పట్టి, గట్టిపడి ఉండ కట్టింది. మొదటికంటా టక్కున కత్తిరించి, మిగతా పోగుల్లో కలిపి, ఆ పోగులన్నీ ఊడ్చి, అలవాటు కొద్దీ, పిల్లలు ఆనుకునే మామూలు దిండ్లలో కూరే చెత్తగుడ్డల సంచిలో వేసింది.

గంట అయింది. దొరసాని నీళ్ళలోంచి లేచింది. టవలు. ఫ్రాకు. కత్తెరమ్మ తన చేతులతోనే అందించింది. పిల్ల తొడుక్కుంది. చేతుల దగ్గర ఏమీ అనుకోలేదు. కత్తెరమ్మ లోలోపల దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

అప్పుడు పిల్ల కుడి చెయ్యి జేబులో పెట్టుకుంది.

పెట్టుకుని ఆగిపోయింది. చెయ్యి తీసి మళ్ళీ పెట్టింది. జేబును బయటికి లాగి చూసింది. ఎడమ జేబు చూసింది. కూచుని నేల మీద వెతికింది, చాప ఎత్తి వెతికింది, తల్లి సంచిలో చెయ్యి పెట్టి వెతికింది. తల్లి నిద్ర కళ్ళతో లేచి, ఏమైంది, ఏమైంది అని అందరినీ అడుగుతోంది. ఎవరికీ తెలియదు. పిల్ల మళ్ళీ జేబులో చెయ్యి పెట్టింది. ఇక అప్పుడు వచ్చింది ఏడుపు. అలాంటి ఏడుపు ఆ హాలు అంతకు ముందు వినలేదు. ఫ్రాకును ఒంటి మీంచి పీకి అవతల పడేసింది. ఎవరెంత బతిమాలినా ముట్టుకోలేదు. విప్పేసిన తడి బనీనే మళ్ళీ తొడిగి, చలిగాలిలో, తల్లి ఎత్తుకుని ఇంటికి తీసుకుపోయింది. తొమ్మిదేళ్ళ పిల్లను ఎత్తుకుని నడవడం మాటలు కాదు. కత్తెరమ్మ శాలువా కప్పబోతే పిల్ల దాన్ని కూడా విసిరేసింది.

పైశనివారం వాళ్ళు రాలేదు. ఆ పైశనివారమూ రాలేదు. కుచ్చులో ఏదో తేడా వచ్చిందని కత్తెరమ్మ తనలో తాను తేల్చుకుంది. మూడో వారం కొత్త ఫ్రాకు పూర్తి చేసి, కాగితంలో చుట్టుకుని, వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. మూడో అంతస్తులో రెండు గదులు. తల్లి తలుపు తీసి, రండి పిన్నీ అని పీట వేసింది. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. దొరసాని నాన్న బనీనులో కిటికీ పక్కన కూచుని ఉంది. ఆ పిల్ల కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదాని మీద ఒకటి తిరుగుతూనే ఉన్నాయి. మధ్యలో ఏమీ లేకుండా.

తల్లి చెప్పింది, పగలూ రాత్రీ ఇదే వరస అని. ఇదివరకు జేబులో చెయ్యి పెట్టుకుని వేళ్ళు ఇలాగే తిప్పుకునేది, ఏదో అలవాటులే అనుకునేవాళ్ళమని. ఇప్పుడు జేబు లేదు, ఉన్నా పెట్టుకోదని. ఇల్లు దాటి మెట్లు దిగనంటోందని.

కత్తెరమ్మ ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయింది. మిరియపు గింజంత ఉండ. అది ఎవరి వేళ్ళ మధ్య నలిగి నలిగి గట్టిపడిందో అప్పుడు తెలిసింది. చెప్పకుండా వచ్చేయవచ్చు. ఆ ఉండ సంగతి ఆవిడకూ, ఆ పిల్లకూ, పైవాడికీ తప్ప ఎవరికీ తెలియదు. అందులో ఒకరికి మాటలు లేవు. ఆ ఆలోచన ఒక్క క్షణం వచ్చిన మాట నిజం. తర్వాత చాలాసార్లు ఆవిడ దానికి కూడా క్షమాపణ చెప్పుకుంది.

"నేనే కత్తిరించానమ్మాయ్. జేబు మూలన దారం ఉండ ఉంది. చెత్త అనుకున్నాను."

తల్లికి కోపం వస్తుందని కత్తెరమ్మ ఎదురుచూసింది. రాలేదు.

"మూడేళ్ళు నా చేత్తో ఉతికాను పిన్నీ. జేబులు తిరగేసి మరీ ఉతికాను. నేనూ చూడలేదు." ఆగి, గోడ వైపు చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది. "ఆ ఒక్క గంటా పడుకునేదాన్ని."

కాగితం పొట్లం విప్పకుండానే కత్తెరమ్మ మెట్లు దిగి వచ్చేసింది.

ఆ సాయంత్రమే టీచరు గారి దగ్గరకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. తలుపు పైన ఉన్న నియమం తన కుట్టుపనికి వర్తించదనుకున్నానంది. టీచరు గారు ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. అనాల్సిన మాట సగంలో వదిలేసి వెళ్ళింది తానేనన్నారు. మర్నాడు ఇద్దరూ కలిసి హాలు తెరిచారు. చెత్తగుడ్డల సంచి అప్పటికే ఖాళీ. అందులోదంతా మూడు కొత్త దిండ్లలోకి వెళ్ళిపోయింది. ఆ మూడూ విప్పి, నేల మీద తెల్లదుప్పటి పరిచి, పోగు పోగు విడదీస్తూ కూచున్నారు. మెకానిక్కు కూడా వచ్చి మోకాళ్ళ మీద కూచున్నాడు. "ఇనుపదైతే అయస్కాంతం పెట్టి లాగేసేవాణ్ణి కదమ్మా, దారమైపోయె" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఆయనా నవ్వించడానికి అనలేదు. నల్లటి ఉండలు మూడు దొరికాయి. మూడూ తీసుకెళ్ళి ఇస్తే దొరసాని ఒక్కొక్కటే వేళ్ళ మధ్య పెట్టి చూసి, ఒక్కొక్కటే తిరిగి ఇచ్చేసింది. ఏడవలేదు. కొట్టులో ఇచ్చిన సరుకు బాగాలేదన్నట్టు మర్యాదగా ఇచ్చేసింది.

కత్తెరమ్మ ఇంటి దగ్గర దారం నలిపి, మైనం రాసి, చెమట పట్టించి, ఉండలు చేసింది. పనైపోయాక గంటలకొద్దీ వేళ్ళ మధ్య తిప్పుతూ కూచునేది. ఒక్కటీ ఆ పిల్లకు నచ్చలేదు. మూడేళ్ళ పని మూడు వారాల్లో అవుతుందా? ఆవిడకు తెలియక కాదు. ఏదో ఒకటి చేస్తూ ఉండకపోతే ఆ కొట్టులో కూచోలేకపోయింది. కూతురు ఆదివారం ఫోను చేసి, ఒక్క దారం కోసం ఇంత ఇదేమిటమ్మా, నువ్వు కావాలని చేశావా అని ఓదార్చబోయింది. "కావాలనే చేశానే. కత్తిరించాలనే కత్తిరించాను. అడగాలని మాత్రం తోచలేదు" అని ఫోను పెట్టేసింది.

శనివారాలు మాత్రం మానలేదు. మొహం చెల్లక మానేద్దామనుకుంటే టీచరు గారు ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో మెడలో కత్తెర వేసుకోకుండానే హాలుకు వెళ్ళేది. ఏ బిడ్డ చొక్కా చేతికి వచ్చినా, ఆ బిడ్డ ముందు కూచుని, తాను ముట్టుకోబోయే చోటును వేలుతో చూపించి, సరేనన్న గుర్తు కనిపించేదాకా ఎదురుచూసేది. గుర్తు రాకపోతే అలాగే మడిచి తిరిగి ఇచ్చేసేది. ఒక తల్లి, పట్టీ ఊడదీసినంత దానికి ఇంత తతంగమా పిన్నీ అంటే, అవునమ్మా, ఇంతా కావాలి అంది.

అయిదు నెలల తర్వాత ఒక శనివారం వాళ్ళు వచ్చారు. అందరూ తమ పనుల్లో మునిగి ఉన్నట్టు నటించారు. వచ్చిన పిల్లను ఎవరూ చుట్టుముట్టకూడదని టీచరు గారు ముందే చెప్పి ఉంచారు. దొరసాని నాన్న చొక్కా వేసుకుంది. చేతులు వేళ్ళను దాటి వేలాడుతున్నాయి. గడ్డం ఎత్తుకునే వచ్చింది. హాలంతా ఒకసారి తిరిగి, పెరట్లోకి వెళ్ళి, టబ్బు ముందు నిలబడింది. నీళ్ళు నిండుగా ఉన్నాయి. తల్లి గుడ్డపట్టీ తీసి, మొదటి అరలోని నీళ్ళ బొమ్మను చూపించి, బనీను అందించింది.

దొరసాని చొక్కా అంచులు రెండూ గుప్పిళ్ళలో గట్టిగా పట్టుకుంది. తర్వాత ఒక చెయ్యి మాత్రం వదిలి, నీళ్ళ బొమ్మను అరలోంచి తీసి, తల్లి అరచేతిలో పెట్టి, ఆ అరచేతిని మూసేసింది.

తల్లి బలవంతం చెయ్యలేదు. సరే తల్లీ అంది.

ఆ రోజుతో హాలుకు రావడం మళ్ళీ మొదలైంది. దానికి అందరూ దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. కానీ నీళ్ళలోకి దిగడం మొదలవలేదు. ఇంట్లో కూడా స్నానం చేసేటప్పుడు బట్టలు తన కళ్ళ ముందు కొక్కేనికి వేలాడాల్సిందేనట. ఉతకడానికి తీసుకుంటే పక్కన నిలబడి కాపలా కాస్తోందట. తల్లికి నిద్రకని వేరే ఏర్పాటు చేద్దామని టీచరు గారు చూశారు. మెకానిక్కు భార్య పిల్లను తాను చూసుకుంటానంది. కానీ తల్లి పక్కన లేకపోతే దొరసాని ఇప్పుడు నిమిషం నిలవదు. బరువు దిండు గోడ దగ్గర ఖాళీగా పడి ఉండేది.

ఒకరోజు కత్తెరమ్మ ధైర్యం చేసి తల్లిని అడిగింది, పాపకు తన మీద కోపం ఇంకా ఉందా, ఉంటే తాను పెరటి వైపు రాకుండా ఉంటానని.

"దానికి మీ మీద కోపం లేదు పిన్నీ. ఉంటే బాగుండేది, ఎప్పటికో తగ్గేది" అంది ఆమె మెల్లగా. "ఒంటి మీది బట్ట విప్పి ఇంకొకరి చేతికి ఇవ్వడం మానేసింది. అంతే."

ఆ మాట కత్తెరమ్మ ఎవరికీ చెప్పలేదు. మిషను తొక్కుతూ తొక్కుతూ మధ్యలో పాదం ఆగిపోయేది. కొత్త ఆకుపచ్చ ఫ్రాకు మేకుకు వేలాడుతూ ఉండేది. కొట్టుకు వచ్చినవాళ్ళు బాగుందే, ఇస్తారా అని అడిగేవారు. అది ఒకరిదమ్మా అనేది. ఆ ఒకరు దాన్ని ఎన్నటికీ వేసుకోరని ఆవిడకు తెలుసు. ఇంకో ఏడాది గడిస్తే అది కూడా చిన్నదైపోతుంది.

ఎండలు ముదిరాక ఒక శనివారం, దొరసాని టబ్బు పక్కన గొంతుక్కూచుని, కుడి చేతిని నీళ్ళలో పెట్టింది. మణికట్టు దాకా పెట్టింది. చొక్కా చెయ్యి తడిసి బరువుగా వేలాడింది. పైకి మడిస్తే తడవదు. కత్తెరమ్మ చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. తల్లి రాత్రి పని దిగి నేరుగా వచ్చింది కాబోలు, పిల్ల వెనక నిలబడి కాళ్ళు మార్చుకుంటోంది. కత్తెరమ్మ లోపలికి వెళ్ళి ఒక స్టూలు తెచ్చి, పిల్లకు కనిపించేలా ఎత్తి చూపించి, ఎక్కడ పెట్టబోతోందో వేలుతో చూపించి, కాసేపు ఆగి, గోడకు ఆనించి పెట్టింది. దొరసాని స్టూలును చూసింది, మళ్ళీ నీళ్ళ వైపు తిరిగింది.

తల్లి కూచుంది. తల వెనక్కి గోడకు ఆనింది గానీ కళ్ళు మూసుకోలేదు. పిల్ల మీదే ఉంచింది. పిల్ల వేళ్ళు నీళ్ళలో మెల్లగా తిరుగుతున్నాయి, అంతకంటే లోపలికి పోలేదు. పన్నెండయ్యేదాకా ముగ్గురూ అలాగే ఉన్నారు.